ఆరో అంగీకారం

మా అపార్ట్‌మెంటులో ఆరు ఇళ్లు. ఆరిళ్లకీ కలిపి ఒక గేటు, ఒక మోటారు, ఒక కెమెరా, ఒక సెక్రటరీ. ఆ సెక్రటరీ నేనే. నన్నెవరూ ఎన్నుకోలేదు. మా ఆవిడ చనిపోయిన నెలకి, "మాస్టారికి కాస్త కాలక్షేపంగా ఉంటుంది" అంటూ అందరూ కలిసి నా నెత్తిన పెట్టారు. కాలేజీ లైబ్రరీలో ముప్ఫై మూడేళ్లు పనిచేసినవాణ్ని. తీసుకెళ్లిన పుస్తకం తిరిగివ్వని లెక్చరర్లతో వేగినవాణ్ని, ఆరిళ్లవాళ్లతో వేగలేనా అనుకున్నాను. లెక్చరర్లే నయం. వాళ్లు రిటైరయ్యేటప్పుడైనా పుస్తకాలు తెచ్చిచ్చేవారు.

గోలంతా ఆ కెమెరాతో వచ్చింది. పెట్టించిన కొత్తలో అందులో పడ్డదాన్ని ఎవరైనా తమ ఫోనులో చూసుకోగలిగేవారు. ఒక వానరోజు రెండో నంబరులో ఉండే లెక్కల టీచరు మెట్ల మీద జారి కూర్చుండిపోయింది. మర్నాటికల్లా ఎవరో ఆ ముక్కకి ఒక పాట తగిలించారు. సాయంత్రానికి అది ఆవిడ దగ్గర ట్యూషన్ చదివే పిల్లల ఫోన్లలోకి చేరింది. ఎవరు పంపారో ఇవాళ్టికీ తెలియదు. ఆవిడ ఆ వారం క్లాసులు పెట్టలేదు. తర్వాత మీటింగు పెట్టింది.

ఆ మీటింగు ఫలితంగా కొత్త కంపెనీ టెక్నీషియన్ వచ్చాడు. ఓపిక ఉన్న మనిషి. "ఇకనుంచి మీ రికార్డింగులు ఇక్కడి డబ్బాలో ఉండవండీ, క్లౌడ్‌లో ఉంటాయి" అన్నాడు. అంటే ఎక్కడో వాళ్లు నడిపే పెద్ద కంప్యూటర్లలో, తాళం వేసి. "ఆ తాళంచెవి మా కంపెనీ దగ్గర కూడా ఉండదు. దాన్ని ఆరు ముక్కలు చేసి మీ ఆరిళ్ల ఫోన్లలో పెడతాం. ఎవరైనా పాత రికార్డింగు చూడాలంటే మిగతావాళ్లని అడగాలి. వాళ్లు ఫోనులో 'అంగీకారం' నొక్కాలి. ఎన్ని ముక్కలు కలిస్తే తెరుచుకోవాలో మీరే చెప్పండి. మామూలుగా ఆరింట్లో నాలుగు పెట్టుకుంటారు."

"నాలుగంటే ఏ నలుగురు?" అన్నాడు ఐదో నంబరు హెడ్ క్లర్కుగారు.

"ఎవరైనా నలుగురండీ."

ఎవరైనా నలుగురు అనగానే అందరూ ఒకరినొకరు చూసుకున్నారు. తాను లేని ఆ నలుగురూ కలిస్తే ఏం జరుగుతుందో ప్రతివాళ్లకీ కళ్ల ముందు మెదిలినట్టుంది. "ఆరు" అన్నారు, ఆరిళ్లవాళ్లూ ఒకేసారి. మా అపార్ట్‌మెంటు కట్టాక మేమంతా ఏకమైన మాట అదొక్కటే.

"ఎవరు ఒప్పుకున్నారో పేర్లు చూపించమంటారా?" అని అడిగాడు టెక్నీషియన్.

"వద్దు," అంది లెక్కల టీచరు. "ఎంతమందో అంకె చాలు. పేర్లు తెలిస్తే ఇంటి మీదికొచ్చి కూర్చుంటారు."

అతను రాసుకున్నాడు. పద్నాలుగు రోజులు దాటిన రికార్డింగు దానంతటదే చెరిగిపోతుందని చెప్పి, సంతకాలు తీసుకుని వెళ్లిపోయాడు. హెడ్ క్లర్కుగారు అలాంటి ఫోన్లని ముట్టుకోరు కాబట్టి వాళ్లింటి ముక్క వాళ్లావిడ ఫోనులో పెట్టాడు.

ఏడాదిపాటు ఎవరూ దేన్నీ తెరవాల్సిన అవసరం రాలేదు. వచ్చింది, మొన్న గురువారం పొద్దున.

తలుపు తీసేసరికి గుమ్మంలో మా వీధికి పార్సెళ్లు తెచ్చే మనిషి. నలభై దాటి ఉంటాయి. నెమ్మదిగా నడుస్తాడు కాబట్టి అందరూ అతన్ని ఎక్స్‌ప్రెస్సు అంటారు. ఆ మాటకి అతనూ నవ్వుతాడు. ఆవేళ నవ్వలేదు. హెల్మెట్టు రెండు చేతులతో కడుపు దగ్గర పట్టుకుని నిలబడ్డాడు.

"నా ఐడీ ఆపేశారు మాస్టారూ. బండి తీసి ఎనిమిది రోజులైంది."

కూర్చోబెట్టి కనుక్కున్నాను. హెడ్ క్లర్కుగారికి నాలుగేళ్లుగా చెముడు. వేరే ఊళ్లో ఉద్యోగం చేసుకుంటున్న కూతురు తండ్రికని చెవిమిషను కొని పంపింది. ఖరీదైన వస్తువు. రెండు శనివారాల కింద, జోరున వాన కురుస్తున్నప్పుడు, ఎక్స్‌ప్రెస్సు దాన్ని తెచ్చి ఇచ్చానంటాడు. మాకు అందలేదంటారు హెడ్ క్లర్కుగారు. కూతురు కంప్లైంటు పెట్టింది. పార్సెళ్ల గోడౌను వాళ్లు, దాన్ని హబ్బు అంటారు, ఈ శనివారం సాయంత్రం ఆరు దాకా గడువిచ్చారు. ఎవరి చేతికిచ్చాడో రుజువు చూపించాలి. లేకపోతే దొంగతనం కింద రాసి ఐడీ మూసేస్తారు. అలా మూసినవాణ్ని ఇంకే కంపెనీ తీసుకోదు.

"ఇంతకీ ఎవరికిచ్చావయ్యా?"

"ఎవరో అమ్మగారండీ. గేటు లోపల గొడుగేసుకుని నిలబడ్డారు. ఐదో నంబరేనా అమ్మా అంటే ఆఁ అన్నారు. చెయ్యి చాపారు, పెట్టాను."

"మొహం చూడలేదా?"

"హెల్మెట్టు అద్దం మీద వాన కారిపోతోంది. పార్సెల్ తడవకుండా చూసుకోవాలా, మొహం చూసుకోవాలా?"

"నంబరేదో చెప్పాలంటారు కదా, అది అడగలేదా?"

"ఆ నంబరు వాళ్ల అమ్మాయి ఫోనుకి వెళ్లిందండీ. వానలో ఆడమనిషిని నిలబెట్టి ఏం అడుగుతాంలే అని ఇచ్చేశాను." కాసేపు హెల్మెట్టు లోపలికి చూశాడు. "మా ఇంట్లో కూడా నమ్మట్లేదు మాస్టారూ. అమ్ముకుని ఉంటే ఇప్పుడే చెప్పెయ్యమంటోంది మా ఆవిడ."

ఇందులో పెద్ద కష్టమేముంది, కెమెరా ఉందిగా అనుకున్నాను. ఆ మాట అతనితో పైకే అన్నాను కూడా. అన్నందుకు ఆ తర్వాత మూడు రోజులు నన్ను నేను తిట్టుకున్నాను.

ఆ శనివారం మధ్యాహ్నం రికార్డింగు కావాలని ఫోనులో అడిగాను. నా అంగీకారం నేను నొక్కాను. 'ఆరింట్లో ఒకటి' అని వచ్చింది. గంట చూశాను. ఒకటే. ఇక చెప్పులేసుకుని బయల్దేరాను.

మొదటి నంబరులో బట్టలు కుట్టే ఆవిడ కుట్టుమిషను ఆపకుండానే విన్నది. "నా దగ్గరికొచ్చేవాళ్లలో సగంమంది ఇక్కడ కుట్టించుకుని పెద్ద షాపులో కొన్నామని చెప్పుకుంటారు మాస్టారూ. ఎవరెవరు వస్తున్నారో మీరంతా కూర్చుని చూస్తే ఇంకెవరైనా ఈ గేటు దాటుతారా?"

"మేము చూసేది నీ కస్టమర్లని కాదమ్మా."

"కళ్లకి గంతలు కట్టుకుని చూస్తారా?"

లెక్కల టీచరు గుమ్మంలోనే నిలబడి నన్ను నిలబెట్టింది. "తెరిచింది మళ్లీ మూసుకుంటుందని మీరు హామీ ఇస్తారా? నేను పడ్డప్పుడు కూడా ఒక సెక్రటరీ ఉన్నాడు." ఆవిడ బాధలో న్యాయం ఉంది. ఎక్స్‌ప్రెస్సు బాధలో గడువుంది.

నాలుగో నంబరు జిమ్ కోచ్ నన్ను చూడగానే ఊపిరి బిగబట్టాడు. "ప్రైవసీ, అంకుల్. అది ప్రాథమిక హక్కు." ఆ మాటతోపాటు పిప్పరమెంటు వాసన, దాని వెనకే సిగరెట్టు వాసన వచ్చాయి. పొగతాగేవాణ్ని తన జిమ్ములో అడుగు పెట్టనివ్వనని బోర్డు రాయించుకున్న మనిషి. రోజూ తెల్లారి గేటు పక్కన ఏం చేస్తాడో నాకు చెప్పకుండానే చెప్పేశాడు.

ఆరో నంబరు పళ్ల డాక్టరు నన్ను వరండా చివరికి లాక్కెళ్లాడు. రోజూ పొద్దున గంట నడుస్తానని వాళ్లావిడతో చెబుతాడట. నడవడు. గేటు లోపల బెంచీ మీద కూర్చుని ఫోనులో చదరంగం ఆడతాడు. "ఆవిడ ఆ రికార్డింగు చూసిందంటే మాస్టారూ, రేపట్నుంచి నాతో పాటు నడుస్తుంది."

"నేను అడిగేది మధ్యాహ్నం ముక్క డాక్టరుగారూ!"

"అలాగే మొదలవుతుంది" అన్నాడు.

ఇక హెడ్ క్లర్కుగారు. ఆయనకి మాట వినపడదు గానీ అందులో తప్పు మాత్రం వినపడుతుంది. ఎడమ చెవి దగ్గర అరిస్తే కాస్త అందుతుంది. అరిచాను. "మేం అప్పుడే నొక్కేశాం!" అని ఆయన నాకన్నా గట్టిగా అరిచారు. "మాది పోయిన వస్తువు, మేమెందుకు ఒప్పుకోం? ఒప్పుకోనివాడే దొంగ! ఆ మాట మినిట్స్‌లో రాయండి. 'దొంగ'కి ముందు 'నిస్సందేహంగా' అని పెట్టండి." వాళ్లావిడ వంటింటి గుమ్మంలో నిలబడి ఆయన మాటకి తలూపింది. నాకు టీ ఇచ్చింది. ఆ రోజంతా నాకు అందిన మంచి అదొక్కటే కాబట్టి, రెండు గుక్కల్లో తాగేయకుండా నెమ్మదిగా తాగాను.

కిందికొచ్చి చూస్తే అంకె మారలేదు. ఐదో నంబరు నొక్కేసి ఉంటే రెండుండాలి కదా అని అప్పుడే తట్టి ఉండాల్సింది. ఆ అరుపులకి నా బుర్ర మొద్దుబారిపోయింది. ఫోనే ఆలస్యంగా చూపిస్తోందేమో అనుకున్నాను.

శుక్రవారమంతా మళ్లీ అదే తిరుగుడు. మెట్లెక్కడం, దిగడం. మోకాళ్ల నొప్పి తప్ప మిగిలిందేమీ లేదు. సాయంత్రం విసుగెత్తి కంపెనీ టెక్నీషియన్‌కి ఫోను చేశాను.

"ఆ పూటంతా ఎందుకడిగారండీ?" అన్నాడు. "ఎన్ని నిమిషాలు కావాలో అన్నే అడగొచ్చు. అంతే తెరుచుకుంటుంది. ముందుదీ వెనకదీ ఎవరికీ కనపడదు. చూసినవాళ్లు దాన్ని ఎవరికీ పంపలేరు కూడా."

"ఈ సంగతి ముందే చెప్పలేదేమయ్యా?"

"మీరు అడగలేదండీ. ఆరు అని చెప్పి లేచి వెళ్లిపోయారు."

నిజమే. లేచి వెళ్లిపోయాం. ఎక్స్‌ప్రెస్సు ఫోనులో పార్సెల్ ఇచ్చిన టైము ఉంది, నాలుగూ ఏడు. శనివారం పొద్దున్నే పాత అభ్యర్థన తీసేసి, నాలుగూ ఐదు నుంచి నాలుగూ తొమ్మిది వరకు, నాలుగంటే నాలుగే నిమిషాలు కావాలని కొత్తది పెట్టాను. ఇంటింటికీ వెళ్లి మళ్లీ చెప్పాను. కోచ్ ఆ టైములో తాను జిమ్ములో ఉన్నానని లెక్కేసుకుని నొక్కాడు. డాక్టరు నవ్వుతూ నొక్కాడు. బట్టలు కుట్టే ఆవిడ రిజిస్టరు తీసి, ఆ వానలో కస్టమర్లెవరూ రాలేదని చూసుకుని నొక్కింది. లెక్కల టీచరు మాత్రం చాలాసేపు ఫోను పట్టుకుని కూర్చుంది. "ఎవరికీ పంపలేరు కదా?" అని మూడుసార్లు అడిగింది. తర్వాత కిటికీలోంచి కింద మెట్ల మీద కూర్చున్న ఎక్స్‌ప్రెస్సుని చూసి నొక్కింది.

పదకొండుకి ఐదైంది. పన్నెండుకీ ఐదే. ఒంటిగంటకీ ఐదే.

ఆ ఒక్కటి మీద అపార్ట్‌మెంటంతా భగ్గుమంది. అందరూ మెట్ల దగ్గర చేరారు. నిన్నటిదాకా హక్కులు మాట్లాడినవాళ్లే ఇవాళ దాచుకునేదేముంటుందని మాట్లాడుతున్నారు. నేను నొక్కానంటే నేను నొక్కానని ఫోన్లు చూపించుకున్నారు. ఫోనులో చూస్తే ఏముంటుంది, టీచరు పెట్టించిన నియమం ప్రకారం ఎవరి ఫోనులోనైనా ఒక్క అంకె, ఐదు.

"ఒకవేళ మీరే నొక్కలేదేమో అంకుల్," అన్నాడు కోచ్ నాతో.

"అవునయ్యా. నాకు మెట్లెక్కి దిగడం సరదా."

ఎక్స్‌ప్రెస్సు మాత్రం ఎవర్నీ ఏమీ అనలేదు. పొద్దున తొమ్మిదింటి నుంచీ ఆ మెట్టు మీదే ఉన్నాడు. బట్టలు కుట్టే ఆవిడ స్టూలొకటి తెచ్చి వేసింది. అతను దానిమీద కూర్చోకుండా హెల్మెట్టు పెట్టాడు. నాలుగూ తొమ్మిది దాటితే ఆ రికార్డింగు చెరిగిపోతుందని అతనికి తెలుసు. నిమిషానికోసారి ఫోను చూసుకుంటున్నాడు.

భోజనాలకని అందరూ ఇళ్లలోకి వెళ్లారు. నేను పైకెక్కాను. ఎందుకో చెప్పమంటే చెప్పలేను. హెడ్ క్లర్కుగారి చేత ఒక కాగితం రాయిస్తే హబ్బువాళ్లు ఇంకో రోజు గడువిస్తారేమో అన్న ఆశ. వాళ్ల తలుపు ఓరగా తెరిచి ఉంది. ఆయన పడకకుర్చీలో నోరు తెరుచుకుని నిద్రపోతున్నారు. లోపల ఎవరో పాడుతున్నారు. రేడియో అనుకున్నాను. కాదు. పూర్తి గొంతు విప్పి, ఎవరి కోసమూ కాకుండా, గిన్నెలు తోముకుంటూ పాడే పాట. అంత హాయిగా పాడే గొంతుని ఆపి పిలవబుద్ధి కాలేదు. గుమ్మంలో నిలబడి, ఊరికే ఉండలేక, నా ఫోనులో 'మళ్లీ గుర్తుచేయి' అన్నది నొక్కాను. పొద్దున్నుంచీ అరగంటకోసారి అదే పని.

వంటింటి అలమరలోంచి టింగుమని మోగింది.

గుర్తుచేసే మోత ఒప్పుకోనివాళ్ల ఫోనులోనే మోగుతుంది. పాట ఆగింది. ఆవిడ తడిచేతులతో బయటికొచ్చి, నన్ను, నా చేతిలో ఫోనుని, అలమరలో వెలుగుతున్న తన ఫోనుని చూసింది.

"అన్నయ్యగారూ" అంది. పడకగదిలోకి వెళ్లి, పాత దుప్పట్ల కిందనుంచి ఒక పెట్టె తెచ్చి నా చేతిలో పెట్టింది. "విప్పలేదు. చూడండి, సీలు అలాగే ఉంది."

"ఎందుకమ్మా?" అన్నాను. కోపంతోనే అన్నాను. మూడు రోజుల మెట్లన్నీ ఆ మాటలో ఉన్నాయి.

ఆయన వైపు చూసింది. నిద్రలో ఉన్నారు. మెలకువగా ఉన్నా వినపడేది కాదు, అయినా గొంతు తగ్గించింది. "పెళ్లయి ముప్ఫై ఎనిమిదేళ్లు. నేను అన్న ప్రతి మాటా దిద్దారు. చుట్టాల ముందు, పిల్ల ముందు. చెడ్డమనిషి కాదు, మీకు తెలుసుగా, అదొక అలవాటు. పాడితే శ్రుతి తప్పిందనేవారు. మానేశాను. నాలుగేళ్ల కింద ఆయనకి చెవులు పోయాయి. మొదట నాకూ దిగులేసింది అన్నయ్యగారూ, అబద్ధం చెప్పను. తర్వాత ఒకరోజు పాడాను. ఏమీ అనలేదు."

నేను పెట్టె తిప్పి దానిమీది చిరునామా చదివాను.

"ఒక్క వారం దాచి ఇచ్చేద్దామనుకున్నా. ఈలోగా అమ్మాయి చేత కంప్లైంటు పెట్టించేశారు. ఇక ఎలా తియ్యను? ఏమని చెప్పను?"

"కింద అతను పది రోజులుగా పని లేకుండా కూర్చున్నాడమ్మా. ఇంట్లో పెళ్లాం కూడా దొంగంటోంది."

ఆ మాట ఆవిడకి తెలియదు. గోడకి ఆనుకుంది. "నొక్కితే అందరూ చూస్తారు కదా. ఈయన కూడా. ఈయనకి చెవులే పోయాయి గానీ కళ్లు బంగారంలా ఉన్నాయి."

నాకు ఇంకేవో గట్టిగా అనాలనే ఉంది. కానీ మా ఆవిడ గుర్తొచ్చింది. నేను కాలేజీ నుంచి వచ్చేసరికి లోపల పాట వినిపించేది. తాళంచెవి చప్పుడుకి ఆగిపోయేది. ఎందుకు ఆపేస్తావని ఒక్కసారైనా అడగలేదు. నేనూ ఏదో ఒకటి అనే ఉంటాను. ఏమన్నానో గుర్తు లేకపోవడం మరీ అన్యాయంగా తోచింది.

"నేను ఎవరికీ చెప్పను" అన్నాను. "కానీ నాలుగూ తొమ్మిది దాటితే రికార్డింగు ఉండదు. ఆరు దాటితే అతని ఉద్యోగం ఉండదు." పెట్టె ఆవిడ చేతికే తిరిగిచ్చి కిందికి దిగాను.

మాట ఇచ్చేశాక ఆ మెట్టు మీద ఎక్స్‌ప్రెస్సు పక్కన కూర్చోవడం ఎంత కష్టమో కూర్చుంటే గానీ తెలియలేదు. మూడున్నర. మిగతావాళ్లు మళ్లీ చేరారు. నాలుగు. అంకె ఐదు. నాలుగూ ఐదు. టీచరు గోళ్లు కొరుకుతోంది. "ఎవరోగానీ, కాస్తయినా మనసుండాలి" అంటోంది బట్టలు కుట్టే ఆవిడ. నాలుగూ తొమ్మిదికి అందరి ఫోన్లూ ఒకేసారి చిన్నగా వణికాయి. 'మీరు అడిగిన రికార్డింగు ఇక లేదు.'

ఎక్స్‌ప్రెస్సు ఫోను జేబులో పెట్టుకున్నాడు. హెల్మెట్టు తీసుకున్నాడు. "పోనీలెండి మాస్టారూ, మీరు తిరిగారు" అన్నాడు. అతను తిట్టి ఉంటే భరించేవాణ్ని. నోరు తెరిచాను. ఇచ్చిన మాట తప్పేవాణ్నే, తప్పనిసరిగా తప్పేవాణ్నే, ఇంకో క్షణం ఆగితే.

పైనుంచి చెప్పుల చప్పుడు. ఆవిడ దిగుతోంది, పెట్టె రెండు చేతులతో పట్టుకుని. వెనకాలే హెడ్ క్లర్కుగారు, చొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పి, "ఎక్కడిదే అది? ఎక్కడిదంటే చెప్పవే?" అని అరుస్తూ.

ఆవిడ ఆగలేదు. సూటిగా ఎక్స్‌ప్రెస్సు దగ్గరికొచ్చింది. "మీ ఆఫీసువాళ్లకి ఫోను కలుపు బాబూ. అందరికీ వినపడేలా పెట్టు."

నాకప్పుడు అర్థమైంది. రికార్డింగు ఉంటే ఆయన చూసేవారు. మాట అయితే వినలేరు. ఇంతసేపూ ఆ ఇంట్లో కూర్చుని ఆవిడ ఆలోచించింది ఇదే.

హబ్బు ఆఫీసరు గొంతు స్పీకర్లో వచ్చింది. ఆవిడ పెట్టెని గుండెకి ఆనించుకుని, నేను ఇంతకుముందు ఆవిడ నోట ఎన్నడూ వినని స్పష్టతతో చెప్పింది. "ఐదో నంబరు నుంచి మాట్లాడుతున్నానండీ. ఆ పార్సెల్ ఇతను నా చేతికే ఇచ్చాడు. గొడుగేసుకుని నిలబడింది నేనే. తీసుకుని దాచిందీ నేనే. ఇతని తప్పేమీ లేదు. కంప్లైంటు పెట్టిన మా అమ్మాయితో ఇప్పుడే మాట్లాడాను, అది కూడా మీకు రాసి పంపుతోంది."

"దాచడమెందుకమ్మా?"

"అది మీ ఫారంలో రాయాలా?"

"అక్కర్లేదులెండి."

ఆవిడ ఎక్స్‌ప్రెస్సు వైపు తిరిగింది. "తప్పు నాది బాబూ."

"పది రోజులమ్మా," అన్నాడతను. "ఒక్క మాట ముందు చెప్పి ఉంటే సరిపోయేది కదమ్మా? ఇంట్లో నా పిల్లలు నా బ్యాగు వెతికారు."

"మీ ఇల్లెక్కడో చెప్పు. రేపు వచ్చి మీ ఆవిడకి నేనే చెబుతాను."

అతను వెంటనే ఒప్పుకోలేదు. చాలాసేపు చూసి, "పదింటికి రండి. అప్పుడు ఇంట్లో ఉంటుంది" అన్నాడు.

"ఏమంటోంది?" అన్నారు హెడ్ క్లర్కుగారు. ఒక్కొక్కళ్ల మొహం చూస్తూ చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నారు. "ఎక్కడ దొరికిందంట? ఎవరు తీశారంట?"

ఆవిడ తల వంచుకుంది. అప్పుడు జరిగింది నేను ఆ నలుగురి నుంచి చచ్చినా ఊహించలేదు.

"మా ఇంట్లో!" అంది లెక్కల టీచరు. "పొరపాటున మా ఇంటికొచ్చింది!"

అదే క్షణంలో బట్టలు కుట్టే ఆవిడ, "నా గుడ్డల మూటలో కలిసిపోయిందండీ!" అంది. "జిమ్ బ్యాగులో" అని కోచ్ మొదలెట్టాడు. డాక్టరుగారు ఏదో అల్లబోయి దగ్గారు. నాలుగు అబద్ధాలు ఒకదాన్నొకటి గుద్దుకుని మెట్ల మీద పడ్డాయి. అదృష్టవశాత్తూ వినాల్సినాయనకి నోళ్లు కదలడం తప్ప ఏమీ తెలియలేదు.

"ఒక్కొక్కరే ఏడవండి!" అన్నారాయన.

నేను లేచి ఆయన ఎడమ చెవి దగ్గరికెళ్లాను. గొంతు చించుకున్నాను. "నా దగ్గరే ఉందండీ! నేనే తీసుకుని పుస్తకాల బీరువాలో పెట్టి మర్చిపోయాను!"

"గొడుగేసుకున్న ఆడమనిషన్నాడుగా?"

"మా ఆవిడ గొడుగు! పువ్వుల గొడుగు! వానలో అలా కనపడ్డాను!"

ఆయన నన్ను కింద నుంచి పైదాకా చూశారు. ఎక్స్‌ప్రెస్సు కూడా చూశాడు. తర్వాత తల పక్కకి తిప్పుకుని హెల్మెట్టు పెట్టేసుకున్నాడు. నవ్వాడో లేదో తెలియదు గానీ భుజాలు కదిలాయి. అతని జేబులో ఫోను మోగింది. చూసుకుని, నాకు తెర తిప్పి చూపించాడు. ఐడీ తెరిచారు. ఆ వెంటనే ఆరు పార్సెళ్ల చిట్టా. బండి దాకా, జీవితంలో మొదటిసారి, పరిగెత్తాడు.

మిగతావాళ్లు చప్పుడు చేయకుండా ఇళ్లలోకి జారుకున్నారు. నేను జారుకోలేకపోయాను. హెడ్ క్లర్కుగారు నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి ఎదురుగా నిలబడ్డారు. చదువుకున్నవాడు చేసే పనేనా అన్నారు. ఒక అమాయకుడి నోటి దగ్గర కూడు తీయబోయానన్నారు. మూడు రోజులు దొంగని వెతుకుతున్నట్టు నటించానన్నారు. 'నిస్సందేహంగా' అన్న మాట నాలుగుసార్లు వాడారు. సెక్రటరీ పదవికి ఇవాళే రాజీనామా రాయమన్నారు. ఆ కాగితంలో ఏ పదం తర్వాత ఏ పదం రావాలో కూడా చెప్పారు. ఆ రాజీనామా మాట ఒక్కటే నాకు చల్లగా తగిలింది.

ఆవిడ నాకు మంచినీళ్లు తెచ్చింది. ఆయన వెనక నిలబడి గ్లాసు అందిస్తూ, మామూలు గొంతుతోనే, దాచుకోకుండా అంది. "చెవి డాక్టరు దగ్గరికి వచ్చే శనివారం తీసుకెళ్లి పెట్టిస్తానన్నయ్యగారూ. పెట్టాక కూడా పాడతాను, ఏమంటారో చూస్తాను. ఈ ఒక్క వారం మాత్రం ఇలా ఉండనివ్వండి."

ఆయన నా మొహంలోకే చూస్తున్నారు, పశ్చాత్తాపం కనపడుతుందేమోనని. తలూపితే దేనికని అడుగుతారు. నేను గ్లాసు తీసుకుని, తల దించుకుని, నీళ్లు తాగాను.